తిరిగి చూడుమని అడుగవచ్చునా?

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: సంఖ్యాకాండము 27:1-11)



ప్రియులారా, మన తెలుగువారి ఇళ్లలో ఎండాకాలం వచ్చిందంటే రెండు పనులు ఉంటాయి. ఒకటి ఆవకాయ పెట్టుకోవడం, రెండవది పిల్లల పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూడడం. ఇంటర్మీడియట్ ఫలితాలు, ఆ వెనుకనే పదవ తరగతి ఫలితాలు వస్తాయి. హాల్‌టికెట్టు నంబరు ఫోనులో కొట్టి, ఇంటిల్లిపాదీ ఆ చిన్న తెర చుట్టూ మూగి చూస్తారు. కొన్ని ఇళ్లలో స్వీట్లు పంచుతారు. కొన్ని ఇళ్లలో తలుపులు మూసుకుంటారు. ఈ వేళ నేను తలుపులు మూసుకున్న ఇంటివారితో మాట్లాడదలచుకున్నాను.

ఫెయిలవుతానని ముందే తెలిసినవాడి బాధ వేరు. బాగా వ్రాశాను, ఎనభై శాతం వస్తుంది అనుకున్న బిడ్డకు ముప్పై వచ్చిందనుకోండి, ఆ బాధ వేరు. ఆ బిడ్డకు తన మీద తనకే అనుమానం పుడుతుంది. "నేను నిజంగా వ్రాశానా, వ్రాశాననుకున్నానా?" అని. ఇంట్లోవారికి బిడ్డ మీద అనుమానం పుడుతుంది. "రోజూ చదువుతున్నానని చెప్పి ఏమి చేశావు?" అని.

ఏప్రిల్, మే నెలలలో మాకు వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న తరచుగా కనబడుతుంది. "అయ్యగారూ, మా అమ్మాయికి అనుకోనంత తక్కువ మార్కులు వచ్చాయి. పేపరు మళ్లీ చూడమని ఫీజు కడదామంటే మా ఇంట్లో పెద్దాయన ఒప్పుకోవడం లేదు. దేవుడు ఇచ్చినదానితో తృప్తి పడాలి, తిరిగి అడిగితే సణిగినట్టు అవుతుంది అంటున్నారు. ఏమి చేయమంటారు?"

ఆ పెద్దాయన మాటను నేను తేలికగా కొట్టివేయను. సణుగుడు చిన్న పాపమేమీ కాదు. సంఖ్యాకాండము చదివినవారికి తెలుసు, ఆ గ్రంథం నిండా సణుగుడే. 11వ అధ్యాయంలో మాంసం లేదని ఏడ్చారు. 14వ అధ్యాయంలో వేగులవారి మాట విని ఐగుప్తుకు తిరిగి వెళ్లిపోదామన్నారు. 16వ అధ్యాయంలో కోరహు సమాజము మోషే మీదికి లేచింది. 20లో నీళ్ల కోసం, 21లో మన్నా మీద విసుగుతో సణిగారు. అయితే అదే గ్రంథములో 27వ అధ్యాయం కూడా ఉన్నది. అక్కడ ఐదుగురు ఆడపిల్లలు వచ్చి, జరిగిన ఏర్పాటు న్యాయంగా లేదు, తిరిగి చూడండి అని అడిగారు. దేవుడు వారిని గద్దించలేదు.

ఆ సంగతిలోనికి వెళ్లకముందు, ఫలితాలు వచ్చిన ఆ మొదటి సాయంత్రం గురించి చెప్పనివ్వండి. ఎందుకంటే అప్లికేషను, ఫీజు ఇవన్నీ రేపు ఉదయం చేయదగిన పనులు. ఈ రాత్రి గడవడం ముఖ్యం.

2019వ సంవత్సరం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. 9 లక్షలకు పైగా పిల్లలు వ్రాశారు. 3 లక్షలకు పైగా ఫెయిలయ్యారు. ఆ ఫలితాలలో పొరపాట్లు ఉన్నాయని కొద్దిరోజులలోనే బయటపడింది. తెలుగు పేపరులో 99 రావలసిన ఒక అమ్మాయికి సున్నా పడింది. దిద్దిన మార్కులను ఓ.ఎమ్.ఆర్. షీటు మీద గళ్లలో నింపేటప్పుడు తొమ్మిది గడికి బదులు సున్నా గడి నింపారు. చేసినవారికి అది పెన్నుతో రెండు చుక్కలు. ఆ అమ్మాయికి రెండేళ్ల చదువు. తల్లిదండ్రులు వీధులలోనికి వచ్చారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీని వేసి, ఫెయిలైన పిల్లలందరి పేపర్లను ఉచితంగా తిరిగి చూడమని ఆజ్ఞాపించింది. మే నెలాఖరులో ఆ ఫలితం వచ్చింది. 1,137 మంది పాసయ్యారు.

కాని ఆ నెల నాళ్లలోపల ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది ఏళ్ల పిల్లలు. తిరిగి చూసే పని ఇంకా ముగియలేదు. వారు ఆ రోజు వరకు ఆగలేదు.

గనుక తల్లిదండ్రులారా, ఆ మొదటి రాత్రి మీరు ఏమీ బోధించవద్దు. నేను బోధకుడినై యుండి ఈ మాట చెప్పుచున్నాను, బోధించవద్దు. ఏలీయా సంగతి చూడండి, మొదటి రాజులు 19వ అధ్యాయం. అంత గొప్ప ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలు, నా ప్రాణము తీసికొనుమని దేవుని అడిగాడు. దేవుడు ఆ సమయంలో అతనికి ప్రసంగం చేయలేదు. నీ విశ్వాసమేమాయెనని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. ప్రశ్నలు అడగడం హోరేబు కొండకు చేరిన తరువాత, నలువది రోజులకు. మన ఇళ్లలో ఈ వరుస తిరగబడుతుంది. ముందు ప్రశ్నలు, తరువాత ఏడుపు, అన్నం ఎవరూ తినరు.

మీరు మీ బిడ్డకు అన్నం పెట్టండి. ఆ రాత్రి ఒంటరిగా గదిలో పడుకోనివ్వకండి. పక్కింటివారి అబ్బాయికి ఎన్ని వచ్చాయో ఆ రోజు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. చుట్టాలు ఫోను చేస్తే, మీరే తీసి, రేపు మాట్లాడతామని చెప్పండి. బిడ్డ నోట "నేను ఎందుకు బ్రతికి ఉండాలి" అనే మాట వస్తే దానిని బెదిరింపు అనుకోవద్దు. 14416 అనే నంబరు ఉన్నది, టెలీ మానస్ అంటారు. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించింది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరుకు ఫోను చేయడం విశ్వాసం లేకపోవడమని ఎవరైనా చెబితే, జ్వరానికి మాత్ర వేసుకునేటప్పుడు మీరెందుకు ఆ మాట అనరని వారిని అడగండి.

బాబూ, అమ్మా, ఇది చదువుచున్న నీతో కూడా ఒక్క మాట. నీకు వచ్చిన ఆ అంకె నీ పేపరు మీద పడిన అంకె. అది సరియైనదో కాదో కూడా ఇంకా తెలియదు. తెలియనిదానికి తీర్పు తీర్చుకోవద్దు.

ఇప్పుడు వాక్యభాగానికి వద్దాం.

సంఖ్యాకాండము 27 అర్థం కావాలంటే 26వ అధ్యాయం నుండి మొదలుపెట్టాలి. మనం సాధారణంగా ఆ అధ్యాయం గబగబా దాటేస్తాము, అన్నీ పేర్లూ అంకెలే గనుక. మోయాబు మైదానాలలో, యెరికో ఎదుట, యొర్దాను దగ్గర మోషేయు యాజకుడైన ఎలియాజరును జనుల లెక్క చూస్తున్నారు. ఇరువది ఏండ్లు మొదలుకొని పైబడిన మగవారిని లెక్కించారు. మనష్షే వంశస్థులు 52,700. అందరూ కలిసి 6,01,730. దేవుడు ఏమి చెప్పాడంటే, ఈ లెక్క చొప్పుననే దేశమును పంచిపెట్టవలెను. ఎక్కువమందికి ఎక్కువ స్వాస్థ్యము, తక్కువమందికి తక్కువ. అంటే ఆ లెక్కలో పేరు ఉంటేనే భూమి.

ఆ లెక్కల మధ్య ఒక చిన్న మాట ఉన్నది. మనష్షే వంశములో సెలోపెహాదు అనే ఆయనకు కుమారులు లేరు, కుమార్తెలు మాత్రమే. వారి పేర్లు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఆ పేర్లు వ్రాయబడ్డాయి గాని లెక్కకు ఎక్కలేదు. కూడికలో తప్పు లేదు. లెక్క వ్రాసినవారు నిర్లక్ష్యంగానూ వ్రాయలేదు. ఆ పట్టికలో వారికి గడి లేదు, అంతే.

ఆ ఐదుగురు ఏమి చేశారో చూడండి. గుడారంలో కూర్చుని ఏడవలేదు. ఇంటింటికి తిరిగి మోషే అన్యాయం చేశాడని చెప్పలేదు. ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుట, ఎలియాజరు యెదుట, ప్రధానుల యెదుట, సర్వసమాజము యెదుట నిలిచారు. ఎక్కడ అడగవలెనో అక్కడ అడిగారు. ఎవరిని అడగవలెనో వారిని అడిగారు. ఏమని అడిగారు? మా తండ్రి అరణ్యములో చనిపోయెను, అతడు కోరహుతో కూడినవారిలో లేడు, తన పాపము వలననే చనిపోయెను, అతనికి కుమారులు లేనంతమాత్రాన అతని పేరు వంశములోనుండి ఎందుకు పోవలెను, మాకు స్వాస్థ్యము ఇయ్యండి అన్నారు.

ఆ కోరహు మాటను కొంచెం ఆగి చూడండి. వారంతట వారే ఆ గీత గీసుకున్నారు. మా తండ్రి తిరుగుబాటు చేసినవాడు కాడు, మేమూ తిరుగుబాటు చేయడానికి రాలేదు అన్నట్టు. అట్లని మా తండ్రి పరిశుద్ధుడు అనలేదు, తన పాపము వలన చనిపోయెను అని ఒప్పుకున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, న్యాయమైనది అడిగారు. మా ఉత్తరంలోని పెద్దాయనకు నా జవాబు ఇక్కడ ఉన్నది. సణిగేవాడు గుడారంలో కూర్చుని, ఎదుట లేనివానిమీద మాట్లాడతాడు. వీరు ద్వారమునొద్దకు వచ్చి ఎదుట ఉన్నవానితో మాట్లాడారు.

మోషేకు కోపం రాలేదు. నలువది ఏండ్లు ఆ జనాన్ని నడిపించినవాడు, లెక్క ముగించి ఊపిరి పీల్చుకునే సమయం. నిన్న వ్రాసిన లెక్కను నేడు ఐదుగురు ఆడపిల్లలు వచ్చి ప్రశ్నిస్తున్నారు. ఆయన "అయిపోయింది, వెళ్లండి" అనవచ్చు. ఆయన వారి వ్యాజ్యెమును యెహోవా సన్నిధికి తీసికొనిపోయాడు. దేవుడు, ఆ కుమార్తెలు చెప్పినది యుక్తమే అన్నాడు. వారికి స్వాస్థ్యము ఇమ్మన్నాడు. అంతటితో ఆగక, ఇకమీదట ఇశ్రాయేలీయులలో కుమారులు లేక చనిపోయిన ప్రతివాని విషయములోను ఇదే కట్టడ అని చెప్పాడు. ఐదుగురు అడిగితే, వారి తరువాత వచ్చిన ఎందరో ఆడపిల్లలకు దారి తెరుచుకుంది.

ఇంకొక సంగతి. ఉత్తర్వు వచ్చింది గదా, భూమి వెంటనే వచ్చిందా? రాలేదు. యెహోషువ 17వ అధ్యాయం చూడండి. మోషే చనిపోయాడు, యొర్దాను దాటారు, యుద్ధాలు జరిగాయి. భూమి పంచేటప్పుడు ఆ ఐదుగురు మళ్లీ ఎలియాజరు యెదుటికి, యెహోషువ యెదుటికి రావలసి వచ్చింది. దేవుడు ఇమ్మని చెప్పాడు గదా అని మళ్లీ గుర్తు చేయవలసి వచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి ఈ వచనాలు బాగా అర్థమవుతాయి.

ఇప్పుడు మన పిల్లల సంగతి. మార్కులు తిరిగి చూడుమని అడగడానికి బోర్డే ద్వారం పెట్టింది. ఆ ద్వారం దగ్గరికి వెళ్లడం బోర్డును అవమానించడం కాదు. ఉపాధ్యాయులు కూడా నొచ్చుకోనవసరం లేదు. స్పాట్ వాల్యుయేషన్ ఎలా జరుగుతుందో మన సంఘాలలోని లెక్చరర్లను అడగండి, చెబుతారు. ఎండలు ముదిరే రోజులు, పెద్ద హాలు, బల్లల మీద కట్టలు, రోజుకు ఇన్ని పేపర్లని లెక్క. దిద్దినవారు ఒకరు, కూడిక సరిచూసేవారు ఒకరు, ఆ పైన చీఫ్ ఎగ్జామినరు. ఎక్కువమంది నమ్మకంగానే చేస్తారు. 2019 అంకెలే తీసుకోండి. 3 లక్షలకు పైగా పిల్లల పేపర్లను తిరిగి చూస్తే పాసైనవారు 1,137 మంది. అంటే వెయ్యిమందికి ముగ్గురో నలుగురో. "నా మార్కులు తప్పకుండా తప్పే" అనుకునే బిడ్డ ఈ అంకెను చూడాలి. "బోర్డు ఎప్పుడూ తప్పు చేయదు" అనే పెద్దలు కూడా ఇదే అంకెను చూడాలి. ఆ వెయ్యిలో ముగ్గురు ఎవరో ఒకరి ఇంటి పిల్లలు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతి పేపర్లు తిరిగి చూసినప్పుడు కూడా వేల పేపర్లలో మార్కులు మారాయి.

అడిగేముందు ఏమి అడుగుతున్నామో తెలుసుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులను మళ్లీ కూడడం. రీవెరిఫికేషన్ అంటే కూడికతో పాటు, దిద్దకుండా వదిలేసిన జవాబు ఏదైనా ఉన్నదా, పేపరు మీద ఉన్న మార్కు షీటు మీదికి సరిగ్గా ఎక్కిందా అని చూడడం. ఇంటర్మీడియట్‌లో దీనితో పాటు మన జవాబు పత్రం నకలు కూడా ఇస్తారు. 2019లో తెలంగాణలో మామూలుగా రీకౌంటింగ్‌కు పేపరుకు 100 రూపాయలు, రీవెరిఫికేషన్‌కు 600 రూపాయలు ఉండేది. రాష్ట్రాన్నిబట్టి, సంవత్సరాన్నిబట్టి మారుతుంది, ప్రకటన చూసుకోండి. ఈ రెండింటిలోనూ వేరొక ఎగ్జామినరు మొదటినుండి పేపరంతా దిద్దడు. నాలుగు మార్కుల జవాబుకు రెండు వేశారు, మూడు వేయాలి అంటే అది ఇందులో రాదు. డిగ్రీలో చాలా యూనివర్సిటీలు రీవాల్యుయేషన్ అని వేరుగా పెట్టాయి, అక్కడ వేరొకరు దిద్దుతారు. ఈ తేడా తెలియక ఫీజు కట్టి, తరువాత మోసపోయామనుకునేవారు ఉన్నారు.

తాను వ్రాసిన పేపరును దిద్దిన తరువాత చూసుకునే హక్కు విద్యార్థికి ఉన్నదని 2011లో సుప్రీంకోర్టు సమాచార హక్కు చట్టం క్రింద తీర్పు ఇచ్చింది. గనుక మీరు దొంగతనంగా అడిగేది ఏమీ లేదు.

గడువు తక్కువ ఉంటుంది. వారం, పదిరోజులు. అందుచేత ఇంట్లో తగువులాడుతూ ఆ వారం గడిపేయవద్దు. సప్లిమెంటరీ ఫీజు గడువు కూడా చాలాసార్లు దానితోనే ముగుస్తుంది, తిరిగి చూసిన ఫలితం రాకముందే. రెండూ కట్టండి. "తిరిగి చూస్తారు గదా, దేవుడు పాస్ చేస్తాడు, సప్లిమెంటరీ కడితే అవిశ్వాసం" అని ఒక తల్లి నాతో అన్నది. అమ్మా, నెహెమ్యా ఏమి చేశాడు? శత్రువులు వస్తున్నారని తెలిసినప్పుడు దేవునికి ప్రార్థన చేశాడు, కావలి కూడా పెట్టాడు. నాలుగవ అధ్యాయంలో రెండూ ఒకే వచనంలో ఉన్నాయి.

మరొక మాట చెప్పక తప్పదు. ఈ రోజులలో ఫోన్లు వస్తాయి. "మాకు లోపల మనుషులు ఉన్నారు, ఇంత ఇస్తే మార్కులు వేయిస్తాం" అంటారు. చాలామట్టుకు అది డబ్బు గుంజే మోసం. ఒకవేళ నిజమే అయినా, అది తిరిగి చూడుమని అడగడం కాదు. నిర్గమకాండము 23వ అధ్యాయం లంచాన్ని గూర్చి ఏమి చెబుతున్నదో మీ అందరికీ తెలుసు, అది చూపు గలవానికి చూపు లేకుండా చేస్తుంది. మీ బిడ్డ న్యాయం కోసం ద్వారమునొద్ద నిలబడింది. మీరు వెనుక తలుపు నుండి వెళితే, ఆ బిడ్డ అడిగినది కూడా అబద్ధమైపోతుంది.

నేనెరిగిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు, ఊరు అవసరం లేదు. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి అంగన్‌వాడీలో పని చేస్తుంది. ఇంటర్ మొదటి సంవత్సరం, తెలుగు మీడియం. ఫిజిక్స్‌లో 60కి 45 వస్తాయని లెక్క వేసుకుంది. 19 వచ్చాయి. 21 వస్తేనే పాసు. తండ్రి, "పోనీలే అమ్మా, సప్లిమెంటరీ వ్రాద్దువు" అన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. పేపరు చూడాల్సిందే అన్నది. కూడబెట్టుకున్న డబ్బు తీసి కట్టింది. నన్ను పిలిచి ప్రార్థన చేయమన్నారు. ఆ అమ్మాయి ఏమని ప్రార్థన చేసిందో తెలుసా? "ప్రభువా, నా మార్కులు పెంచుము" అనలేదు. "ఉన్నది ఉన్నట్టు చూపించు ప్రభువా" అన్నది.

కొన్ని వారాలకు నకలు వచ్చింది. ఆ అమ్మాయి, వాళ్ల కాలేజీ లెక్చరరుగారు, ఇద్దరూ కూర్చుని పేజీ పేజీ చూశారు. ఎనిమిది మార్కుల ప్రశ్న, శక్తి నిత్యత్వ నియమం. ఆ జవాబును ఈ అమ్మాయి మధ్యలో రెండు తెల్ల పేజీలు వదిలి, చివర వ్రాసింది. మొదట దిద్దినవారు తెల్ల పేజీలు చూసి, పేపరు అయిపోయిందనుకొని మూసేశారు. తిరిగి చూసినప్పుడు దానికి 5 మార్కులు వేశారు. 24 అయ్యాయి, పాసయింది.

ఇక్కడితో ఆపితే మంచి సాక్ష్యం అవుతుంది, అందరం చప్పట్లు కొడతాం. కాని తక్కిన పేజీలు కూడా ఉన్నాయి. రెండు మార్కుల ప్రశ్నలలో మితి ఫార్ములాలు రెండుచోట్ల తప్పు వ్రాసింది. ప్రక్షేపకం పథం పరావలయమని నిరూపించుటలో చివరి మెట్టు వ్రాయలేదు, పటం గీసి వదిలేసింది. ఒక లెక్కలో జవాబుకు ప్రమాణం లేదు. ఇవన్నీ బాగా వ్రాశాననే అనుకుంది. 45 అనుకున్న పేపరు, న్యాయంగా చూస్తే 24. ఆ సాయంత్రం నేను వెళ్లినప్పుడు ఆ అమ్మాయి సంతోషంగానూ లేదు, దుఃఖంగానూ లేదు. "అయ్యగారూ, వాళ్ల తప్పు ఒకటి దొరికింది, నావి ఏడు దొరికాయి" అన్నది. నవ్వుతూనే అన్నది. ఆ ఏడింటినీ నోటుబుక్కు మొదటి పేజీలో వ్రాసుకుంది. తెల్ల పేజీలు వదలకూడదని కూడా వ్రాసుకుంది.

ఉన్నది ఉన్నట్టు చూపించుమని అడిగినవారికి దేవుడు రెండు వైపులా చూపిస్తాడు, ప్రియులారా. దానికి సిద్ధపడి అడగండి.

ఇంకొక పిల్లవాడు. ఇంటర్ రెండవ సంవత్సరం, మ్యాథ్స్ టూ-ఏ, 75కి 22. పాసు 26. రీవెరిఫికేషన్ పెట్టాడు. ఏ మార్పూ లేదని వచ్చింది. ఇలాంటి ఉత్తరాలే ఎక్కువ వస్తాయి, వీటిని గూర్చి మన సంఘాలలో ఎవరూ సాక్ష్యం చెప్పరు. వాళ్ల నాన్న తాపీమేస్త్రీ, చదువుకోలేదు. నేను ఆదరించడానికి వెళ్లాను గాని, ఆయనే నాకు ఆదరణగా మాట్లాడాడు. "అయ్యగారూ, మట్టపుగుండు వేసి చూస్తే గోడ వంకర అని తేలింది. గుండును తిడితే ఏం లాభం? అలాగని కట్టిన గోడంతా పడగొట్టం గదా. వంకర ఎక్కడ మొదలైందో అక్కడిదాకా విప్పి మళ్లీ కడతాం. కూలీ పోతుంది, ఇటుక పోదు" అన్నాడు. ఆమోసు గ్రంథము 7వ అధ్యాయంలో మట్టపుగుండు సంగతి నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ఈ చివరి మాట నాకు ఎన్నడూ తోచలేదు.

ఆ పిల్లవాడు సప్లిమెంటరీ వ్రాశాడు. ఆ ఏడాదే డిగ్రీలో చేరాడు. నాన్న పనికి వెళ్లేటప్పుడు తెల్లవారుజామున లేపేవాడట, లేచి లెక్కలు చేసేవాడు. ఇందులో అద్భుతమేమీ లేదు.

చివరిగా సంఘపు పెద్దలకు, పాస్టరుగార్లకు ఒక మనవి. ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం మన ఆరాధనలలో ఏమి జరుగుతుంది? మంచి మార్కులు వచ్చిన పిల్లలను ముందుకు పిలుస్తాం, శాలువా కప్పుతాం, ఫొటో తీస్తాం. మంచిదే, సంతోషించువారితో సంతోషించవలెను. కాని ఆ రోజు వెనుక వరుసలో ఎవరు లేరో చూశారా? యూత్‌లో కీబోర్డు వాయించే అబ్బాయి ఆ వారం ఎందుకు రాలేదో అడిగారా? శాలువాలు వచ్చేవారం కప్పవచ్చు. ఆ మొదటి ఆదివారం, రాని పిల్లల ఇళ్లకు వెళ్లండి. బోధించడానికి కాదు. టీ త్రాగి, అప్లికేషను పెట్టడం రాకపోతే దగ్గరుండి పెట్టించి రండి. ఫీజు కట్టలేనివారు ఉంటే, ఒక పేపరు ఫీజు మన చందాలలో ఎంత? ఆ ఐదుగురు ఆడపిల్లల వ్యాజ్యెమును మోషే తానే తీసికొనిపోయాడు, మీరే వెళ్లి దేవుని అడగండి అనలేదు.

రండి, తలలు వంచి ప్రార్థన చేసుకుందాం.

పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ సమయమున ఏదో ఒక గదిలో తలుపు గడియ పెట్టుకొని యున్న బిడ్డను నీవు ఎరుగుదువు. ఆ బిడ్డ తలుపు తీయునట్లు చేయుము. బయట నిలిచియున్న తల్లిదండ్రులకు తగిన మాట ఇమ్ము, మాట లేకపోతే మౌనముగా అన్నము వడ్డించు మనస్సు ఇమ్ము. తిరిగి చూచుటకు బల్లల మీదికి చేరిన పేపర్ల కట్టలు నీ యెదుట ఉన్నవి. వాటిని విప్పు చేతులకు ఓపిక దయచేయుము. ఫలితము కొరకు ఈ వారములన్నియు కనిపెట్టుచున్న పిల్లలకు రాత్రివేళ నిద్ర ఇమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.